పండు గుజ్జుతో ఐస్‌డ్ మాచా లాటే: ఇంట్లో చేస్తే ఎందుకు విరుగుతోంది?

ప్రశ్న: మాది విజయవాడ. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఇంటికొచ్చినప్పుడల్లా అక్కడి కేఫ్‌లో తాగే ఐస్‌డ్ స్ట్రాబెర్రీ మాచా లాటే గురించే చెబుతుంది. జపాన్ గ్రీన్ టీ పొడిని పాలల్లో కలిపి చేసే చల్లటి డ్రింకు అది, గ్లాసు 350 రూపాయలట. నేనే చేసి పెడదామని ఆన్‌లైన్‌లో మాచా పొడి తెప్పించాను. చల్లటి పాలు, పొడి, ఫ్రీజర్‌లో దాచిన స్ట్రాబెర్రీలు అన్నీ వేసి మిక్సీ పట్టాను. పొడి ఉండలు కట్టింది, పాలు విరిగాయి. పైగా ఆ పొడి ఎండిన గోరింటాకు రంగులో ఉంది, గడ్డి వాసన వస్తోంది. రెండోసారి పైనాపిల్‌తో చేసి కాసేపు ఫ్రిజ్‌లో ఉంచితే చేదెక్కిపోయింది. ఇప్పుడు మామిడిపళ్ల కాలం కదా, మామిడితో కుదురుతుందా? మాచా గిలక్కొట్టే వెదురు బ్రష్ కొనాల్సిందేనా? అమ్మాయికి హిమోగ్లోబిన్ తక్కువుందని డాక్టరుగారు ఐరన్ మాత్రలు రాశారు, తను ఇది తాగొచ్చా? ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి కూడా కావాలంటున్నాడు. వచ్చే ఆదివారం మా ఆడపడుచు వాళ్లు వస్తున్నారు, ఆరుగురికి ఒకేసారి చేయడమెలాగో కూడా చెప్పండి. అదొక టెన్షన్‌గా ఉంది.
ఒక గృహిణి, విజయవాడ

సమాధానం: మామిడితో నిక్షేపంగా చేసుకోండి. నన్నడిగితే వేసవిలో మన ఇళ్లల్లో దీనికి స్ట్రాబెర్రీ కంటే బంగినపల్లే మేలు. మీరు రాసినవన్నీ చూస్తే అసలు తేడా ఒక్కచోటే వచ్చింది. పొడి, పాలు, పండు మూడింటినీ కలిపి ఒకేసారి మిక్సీలో వేశారు. పొడి విడవాలంటే వేడి నీళ్లు కావాలి. పాలు విరగకుండా ఉండాలంటే బాగా చల్లగా ఉండాలి. పండు గుజ్జు చిక్కగా, తియ్యగా ఉండాలి. అందుకే మూడూ వేటికవి విడిగా సిద్ధం చేసుకుని, తాగబోయే ముందు గ్లాసులో కలపాలి. ఇది ఒక్కటి పట్టుకుంటే మీ సమస్యల్లో సగం అక్కడే తీరిపోతాయి.

ముందు పొడి సంగతి. మాచా నీళ్లలో కరిగేది కాదు. తేయాకునే మెత్తగా విసిరిన పొడి అది. నీళ్లలో తేలుతూ ఉంటుంది, కాసేపు కదపకపోతే అడుక్కి దిగుతుంది. అంత మెత్తటి పొడి మీద చల్లటి పాలు పడితే పైపొర మాత్రమే తడిసి లోపలిదంతా పొడిగానే మిగిలిపోతుంది. ఉండ కట్టడమంటే ఇదే. ఆ తర్వాత మిక్సీ ఎంత తిప్పినా నురగ పెరుగుతుంది గానీ ఉండలన్నీ విడిపోవు.

కాబట్టి ఇలా చేయండి. తడి లేని గిన్నె మీద తడి లేని టీ జాలి పెట్టి, ఒక గ్లాసుకి ఒక టీస్పూను తలకొట్టి, అంటే దాదాపు 2 గ్రాముల మాచా వేసి చెంచా వెనక భాగంతో రుద్దుతూ జల్లించండి. నీళ్లు సలసల మరిగేవి పోయకూడదు. చేదూ వగరూ పైకి తేలి, ఆకులో ఉన్న కమ్మదనం వెనక్కి పోతుంది. 70 నుంచి 80 డిగ్రీల వేడి చాలు. థర్మామీటరు అక్కర్లేదు. మరిగిన నీళ్లు మూడు వంతులు, మామూలు నీళ్లు రెండు వంతులు కలపండి. వేసవిలో మన బిందెలో నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉంటాయి కాబట్టి రెండూ కలిస్తే 70 దాటి నిలుస్తుంది. ఆ నీళ్లు ముందు ఒక పెద్ద చెంచాడు మాత్రమే పోసి, పొడిని నున్నటి ముద్దగా కలపండి. గిన్నె అంచులకు అంటుకున్న పొడి కూడా ఆ ముద్దలోకి రావాలి. అప్పుడు మిగతా నీళ్లు పోయండి. గ్లాసుకి మొత్తం 50 మిల్లీలీటర్లు సరిపోతాయి. తర్వాత చెంచాతో గుండ్రంగా తిప్పకుండా, ముందుకీ వెనక్కీ వేగంగా గిలక్కొట్టండి. పైన సన్నటి నురగ పరుచుకుంటే అయిపోయినట్టే.

వెదురు బ్రష్ అందమైన పనిముట్టే. జపాన్‌లో నారా దగ్గరున్న తకయామా అనే ఊరు వాటికి పేరు. ఒకే వెదురు ముక్కని సన్నటి పుల్లలుగా చీల్చి చేతితో చేస్తారు. కానీ పాలు, ఐసు, మామిడి గుజ్జు కలిసే డ్రింకు కోసం అది కొని తీరాల్సిన అవసరం లేదు. కాఫీ నురగ కోసం వాడే బ్యాటరీ ఫ్రాతర్ ఉంటే చాలు. అదీ లేకపోతే మజ్జిగ చిలికే చిన్న కవ్వం వాడండి, లేదా మూత గట్టిగా పట్టే గాజు సీసాలో పోసి బాగా ఊపండి. సీసాని సగానికి మించి నింపకండి. లోపల వేడి ఉంటుంది కాబట్టి మూత నెమ్మదిగా తీయండి.

రంగు, వాసన సంగతికొస్తే, మీ పొడిలోనే లోపముంది. మంచి మాచా నిండైన ఆకుపచ్చ రంగులో, కంటికి కొట్టొచ్చినట్టు ఉంటుంది. కోతకి ముందు దాదాపు మూడు వారాల పైనే ఆ తేయాకు తోటలకి నీడ కడతారు. ఎండ తగలకపోవడంతో ఆకులో పచ్చదనం పెరుగుతుంది, థియనిన్ అనే అమైనో ఆమ్లం నిలబడుతుంది. ఆ కమ్మటి రుచి దాని వల్లే. ఎండ పడితే థియనిన్ తగ్గి, వగరునిచ్చే కాటెకిన్లు పెరుగుతాయి. కోసిన ఆకుని ఆవిరి పట్టి, ఆరబెట్టి, కాడలూ ఈనెలూ తీసేసి రాతి తిరగలిలో విసురుతారు. ఆ తిరగలి గంటకి 30, 40 గ్రాములకు మించి పొడి ఇవ్వదు. అంటే మనం కొనే 30 గ్రాముల డబ్బా నిండాలంటే ఒక తిరగలి దాదాపు గంటసేపు తిరగాలి. ధర అంతెందుకో దీన్ని బట్టే అర్థమవుతుంది. ఈమధ్య ప్రపంచమంతా మాచా వెంట పడటంతో 2024 చివర్లో క్యోటోలోని ఇప్పోడో, మారుక్యూ కోయామాఎన్ లాంటి పాత దుకాణాలే కొనుగోళ్లకి పరిమితి పెట్టాయి. అంత గిరాకీ ఉన్నప్పుడు మామూలు గ్రీన్ టీ ఆకుని పొడి కొట్టి మాచా పేరుతో అమ్మేవాళ్లకి కొదవుండదు.

నీడలో పెరిగిన మంచి మాచాకి కొంచెం సముద్రపు నాచు వాసన సహజంగానే ఉంటుంది, దానికి కంగారు పడకండి. ఎండుగడ్డి వాసన, పసుపు తిరిగిన రంగు ఉంటే మాత్రం అది పాతదో నాసిదో అయి ఉంటుంది. తెల్ల కాగితం మీద చిటికెడు వేసి వేలితో లాగి చూడండి. మంచిదైతే పచ్చటి గీత నున్నగా సాగుతుంది. నాసిదైతే వేలికి గరుకు తగిలి, గీత మధ్యలో తెగిపోతుంది. డబ్బా మీద పదార్థాల జాబితాలో మాచా ఒక్కటే ఉండాలి. పంచదార, మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి పదార్థం నుంచి తీసే పొడి) ఉన్నాయంటే అది ముందే కలిపిన మిక్స్. జపాన్‌లో మాచా పండే ఉజి, నిషియో, యామె, కగోషిమా లాంటి చోటి పేరు రాసి ఉంటే కొంత భరోసా. ‘సెరిమోనియల్ గ్రేడ్’ (తేనీటి వేడుకకి తగిన రకం) అనే మాట చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి, దానికి జపాన్‌లో అధికారికమైన కొలమానం లేదు. పైగా అతి సుకుమారమైన మాచా మామిడి ముందు నిలవదు. పాలతో కలిపినా రుచి తెలిసే మధ్యరకం పొడి దీనికి చక్కగా సరిపోతుంది. 30 గ్రాములు కొంటే పదిహేను గ్లాసులొస్తాయి. అంతకంటే పెద్ద డబ్బా వద్దు, తెరిచాక నెలా రెండు నెలల్లో అయిపోవాలి. విజయవాడ ఎండలకి ఫ్రిజ్‌లోనే పెట్టండి. బయటికి తీశాక డబ్బా చల్లదనం పోయేదాకా మూత తీయకండి, తీస్తే గాలిలో తేమంతా పొడి మీద చేరుతుంది. ఇంగువ, మసాలాల పక్కన అసలు పెట్టొద్దు. ఇప్పుడు మీ దగ్గరున్న పొడిని కేకులోనో బిస్కెట్లలోనో వాడేయండి, లాటేకి పనికిరాదు.

ఇక పాలు విరగడం. పాలల్లో కేసీన్ అనే ప్రోటీన్ ఉంటుంది. పులుపు తగిలి పీహెచ్ (పులుపుని చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 దగ్గరికి దిగితే అది ముద్ద కడుతుంది. పాలల్లో నిమ్మరసం పిండి పనీర్ చేసేది ఈ లెక్కనే. స్ట్రాబెర్రీ పీహెచ్ 3కీ 3.5కీ మధ్య ఉంటుంది, అంటే పుల్లటి పండే. మిక్సీలో ఆ పులుపు పాలంతా పరుచుకుంది, మిక్సీ వేడి కూడా తోడైంది. బాగా చల్లగా ఉన్న పాలు అదే పులుపుని కొంతసేపు ఓర్చుకుంటాయి. గది వేడిలో ఉన్న పాలు ఓర్చుకోవు. అందుకే పాలు ఫ్రిజ్ లోపలి అరలోంచి తీసి నేరుగా గ్లాసులో పోయాలి. ఇంకో చిన్న విషయం. మన ఇళ్లల్లో పాలు కాచి చల్లార్చినవే ఉంటాయి కదా, వాటిని తప్పకుండా వడకట్టండి. మీగడ తునకలు పైకి తేలితే చూసేవాళ్లు పాలు విరిగాయనుకుంటారు, నోటికి కూడా బాగుండదు.

పైనాపిల్ చేదెక్కిన కారణం వేరు. ఉడికించని పైనాపిల్‌లో బ్రొమిలైన్ అనే ఎంజైము ఉంటుంది. అది పాల ప్రోటీన్‌ని ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్లో కొన్ని చేదుగా ఉంటాయి. మీరు ఫ్రిజ్‌లో ఉంచినంతసేపూ ఆ పని సాగుతూనే ఉంది. పైనాపిల్ ముక్కల్ని పంచదారతో కలిపి కొన్ని నిమిషాలు ఉడికిస్తే ఆ ఎంజైము పోతుంది. కివీ పండుతోనూ ఇదే ఇబ్బంది.

మామిడిలో ఈ గొడవలు తక్కువ. బాగా పండిన బంగినపల్లిలో పులుపు కొంచెమే, పీచు ఉండదు, గుజ్జు చిక్కగా ఉండి గ్లాసు అడుగున కదలకుండా కూర్చుంటుంది. మాచాలో ఉన్న ఆకు వాసనకి మామిడి తీపి బాగా జోడు కుదురుతుంది. రసాలైతే వాసన అద్భుతం, కానీ గుజ్జు పల్చన, పీచుంటుంది. వడకట్టి వాడుకోవచ్చు గానీ పొరలుగా నిలవదు. కలెక్టరు మామిడి కొంచెం పులుపు, దీనికి వద్దు. డబ్బాల్లో దొరికే గుజ్జు చాలావరకు ఆ కాయదే, పంచదార కలిపింది ఉంటుంది, కాబట్టి పండు దొరికే రోజుల్లో దాని జోలికి పోకండి.

పండుని కోసే ముందు కాసేపు నీళ్లల్లో ఉంచండి. తొడిమ దగ్గర అర అంగుళం మేర కోసి పారేయండి. అక్కడ సొన ఉంటుంది, దాని ఘాటు మాచాతో కలిస్తే చాలా ఎబ్బెట్టుగా ఉంటుంది. ముక్కల్ని నీళ్లు పోయకుండా మిక్సీలో నున్నగా తిప్పి, రవ్వంత ఉప్పు వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పు చేదుని అణిచిపెడుతుంది, పండు తీపి ఇంకా తెలుస్తుంది. తీపి చాలదనిపిస్తే పంచదార గుజ్జులోనే వేసి తిప్పండి. చల్లటి పాలల్లో వేస్తే అది కరగకుండా అడుగున మిగులుతుంది. బెల్లం వేయకండి. పరమాన్నంలో తొందరపడి బెల్లం వేస్తే పాలు ఏమవుతాయో మీకు తెలిసిందే. దాని వాసన కూడా మాచాని మింగేస్తుంది. యాలకులు, కుంకుమపువ్వు కూడా వద్దనే అంటాను. వాటి రుచి నాకెంత ఇష్టమైనా, ఇక్కడ వేస్తే మాచా వేసిన ఫలితం ఉండదు.

ఇప్పుడు గ్లాసు. 350 మిల్లీలీటర్లు పట్టే గాజు గ్లాసు తీసుకోండి. అడుగున మూడు పెద్ద చెంచాల మామిడి గుజ్జు. దాని మీద గ్లాసు సగం పైదాకా పెద్ద ఐసు ముక్కలు. చిన్న ముక్కలైతే త్వరగా కరిగి పల్చనైపోతుంది. వాటి మీద 150 మిల్లీలీటర్ల చల్లటి పాలు, ఐసు మీద పడేలా నెమ్మదిగా పోయండి. చివర్లో గిలక్కొట్టిన మాచాని రెండు మూడు నిమిషాలు ఆరనిచ్చి, చెంచా వెనక నుంచి జారేలా సన్నగా పోయండి. గుజ్జు బరువుగా ఉంటుంది కాబట్టి అడుగున పసుపు, మధ్యలో తెలుపు, పైన పచ్చ అలాగే నిలుస్తాయి. చూసుకున్నాక ఆలస్యం చేయకుండా అడుగునుంచి కలిపి తాగేయాలి. పాలు 3 శాతం కొవ్వుండే టోన్డ్ మిల్క్ సరిపోతాయి. 6 శాతం ఉండే ఫుల్ క్రీమ్ వాడితే వెన్నలా కమ్మగా ఉంటుంది గానీ మాచా రుచి అడుగున పడిపోతుంది. అప్పుడు పొడి 3 గ్రాములకి పెంచుకోండి. ఓట్స్ పాలతో కూడా బాగానే వస్తుంది. సోయా పాలు మాత్రం పులుపు తగిలితే ఆవు పాల మాదిరే విరుగుతాయి.

మీ అమ్మాయికి స్ట్రాబెర్రీయే కావాలంటే శీతాకాలంలో చేయండి. డిసెంబరు నుంచి మహాబలేశ్వరం పళ్లు వస్తాయి, లంబసింగి తోటల పళ్లు కూడా దొరుకుతాయి. 150 గ్రాముల పళ్లని తరిగి మూడు పెద్ద చెంచాల పంచదారలో కాసేపు ఊరనిచ్చి, వచ్చిన రసంతోనే సన్నటి సెగ మీద చిక్కబడేదాకా ఉడికించి బాగా చల్లార్చండి. ఉడికిస్తే పులుపు ఎక్కడికీ పోదు, కానీ పాకం చిక్కగా ఉండి త్వరగా పాలల్లో కలవదు. కలిపిన వెంటనే తాగేస్తే విరిగే అవకాశం తక్కువ. అక్టోబరులో సీతాఫలం వచ్చినప్పుడు మాత్రం తప్పకుండా చేసి చూడండి. గింజలు తీసిన గుజ్జు, పాలు, మాచా మూడూ కలిస్తే ఆ రుచి వేరు. పులుపనేది లేదు కాబట్టి విరుగుతుందన్న భయమూ లేదు. నిమ్మ, బత్తాయి, నేరేడు లాంటివైతే పాలే మానేయండి. కొబ్బరిబోండం నీళ్లల్లో ఐసు వేసి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండి, పైన మాచా పోస్తే మే నెల మధ్యాహ్నానికి అంతకంటే ఏం కావాలి!

ఇక అమ్మాయి ఆరోగ్యం. ఈ విషయంలో జాగ్రత్తగా ఉండండి. తేయాకులో ఉండే పాలీఫినాల్స్ తిండిలోని ఇనుముని, ముఖ్యంగా ఆకుకూరలు, పప్పుల నుంచి వచ్చేదాన్ని, ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. మాచాలో ఆకంతా కడుపులోకే పోతుంది. పాలల్లోని కాల్షియం కూడా ఐరన్‌కి అడ్డమే. కాబట్టి ఐరన్ మాత్రకీ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. భోజనంతో పాటు, భోజనం అయిన వెంటనే తాగొద్దు. టిఫినుకీ మధ్యాహ్న భోజనానికీ మధ్యలో, పదకొండింటి వేళ అప్పుడప్పుడు ఒక గ్లాసైతే ఇబ్బంది ఉండకూడదు. అయినా రోజూ తాగే అలవాటుంటే డాక్టరుగారికి ఆ మాట చెప్పమనండి. హిమోగ్లోబిన్ పెరిగేదాకా వారానికి ఒకటి రెండుసార్లకి తగ్గించుకుంటే ఇంకా మంచిది.

అబ్బాయికి ఇవ్వొద్దనే నా సలహా. 2 గ్రాముల మాచాలో అటూ ఇటూగా 60 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో పెద్దవాళ్లకి రోజుకి 400 మిల్లీగ్రాములు, గర్భిణులకి 200 మించకూడదంది. పిల్లలకైతే బరువుని బట్టి, కిలోకి 3 మిల్లీగ్రాములని చెప్పింది. ఆ లెక్కన ఒక గ్లాసుతో హద్దు దాటకపోవచ్చు. కానీ ఆ వయసులో టీ, కాఫీ, కూల్‌డ్రింకులతో కూడా కెఫీన్ చేరుతుంది, సాయంత్రం తాగితే నిద్ర పాడవుతుంది. వాడికి అదే గ్లాసులో, అదే ఐసుతో మామిడి గుజ్జు, పాలు పోసి ఇవ్వండి. పైన నాలుగు తాటి ముంజల ముక్కలు వేస్తే మాచా ఊసే ఎత్తడు.

ఆదివారం ఆరుగురికి చేయడం కష్టమేం కాదు. రెండు పెద్ద బంగినపల్లి పళ్లు, దాదాపు లీటరు పాలు, 12 గ్రాముల మాచా చాలు. పొద్దున్నే గుజ్జు చేసి ఫ్రిజ్‌లో పెట్టండి. శనివారం రాత్రే ఐసు ట్రేల్లో ఒకదాంట్లో నీళ్లకి బదులు పాలు పోసి ఉంచితే, అవి కరిగినా లాటే పల్చబడదు. మాచా మొత్తం ఒకేసారి కలపాలంటే పొడి జల్లించి, ముందు ముద్ద చేసుకుని, 300 మిల్లీలీటర్ల నీళ్లతో పెద్ద సీసాలో పోసి ఊపండి. అరగంట ముందు చేసి పెట్టుకోవచ్చు, అంతకంటే ముందైతే రంగు మాడుతుంది. ప్రతి గ్లాసులో పోసే ముందు సీసాని మళ్లీ ఊపండి, లేకపోతే మొదటి గ్లాసు పల్చగా, చివరిది చేదుగా వస్తాయి. ఎప్పుడూ తాగనివాళ్లకి ఆ ఆకు రుచి మొదట కొత్తగా అనిపిస్తుంది. వాళ్ల గ్లాసులో మాచా సగమే పోసి ఇవ్వండి. మిగతాది చిన్న గ్లాసులో పక్కన పెడితే, కావాలనుకున్నవాళ్లు కలుపుకుంటారు.